స్కూటర్ వెనక సీట్లో పోయిన జీన్

మా ఆఫీసులో అసూయ అనే మాట ఎవరూ వాడేవారు కాదు. ఆరోగ్యకరమైన పోటీ అనేవారు. మీటింగుల్లో మా పెద్దసారు ఆ మాట అన్నప్పుడల్లా నేనూ అందరితో పాటు తలూపేవాణ్ణి. నాలో ఉన్నదానికి మాత్రం ఆరోగ్యంతో ఏ సంబంధమూ లేదు. దానివల్ల నాకు అన్నం సయించేది కాదు, ఆదివారం కూడా స్థిమితం ఉండేది కాదు, ఒక మనిషి నవ్వితే ఆ నవ్వు ఎందుకొచ్చిందో తెలిసేదాకా పని చేయబుద్ధయ్యేది కాదు. ఈ మధ్య ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అడిగారు, మీ ఉద్యోగంలో మరిచిపోలేని రోజు ఏది సార్ అని. ఏదో గొప్ప విజయం చెబుతాననుకున్నారు. విజయం ఉంది. అది నాది కాదు. దాన్ని నా స్కూటర్ మీద నేనే మోసుకెళ్ళాను, అదీ నా బాధ.

మేము పనిచేసింది వరికి అగ్గితెగులు తెచ్చే బూజు మీద. వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్ళకు అగ్గితెగులు గురించి చెప్పక్కర్లేదు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు లేస్తాయి, మధ్యలో బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచు. అవన్నీ కలిసిపోయాక దూరం నుంచి చూస్తే చేనుకు నిప్పు పెట్టినట్టే ఉంటుంది. నల్గొండ జిల్లాలో మా నాయన చేను ఒక ఏడు అట్లాగే పోయింది. నేను ఈ చదువు చదవడానికి అదే కారణమని ఇంటర్వ్యూల్లో చెప్పేవాణ్ణి. అసలు కారణం డాక్టరు సీటు రాకపోవడం.

ఆ బూజులో వేల జీన్లు ఉంటాయి. ఏ జీన్ ఏ పని చేస్తుందో తెలుసుకోవడానికి మా దగ్గరున్నది మోటు పద్ధతే. ఒక జీన్‌ను తీసేసి, ఏ పని ఆగిపోయిందో చూడటం. ఇంట్లో ఒక ఫ్యూజు పీకి ఏ గదిలో లైటు ఆరిందో వెతికినట్టన్నమాట. తీసేయడం తేలిక కాదు. నెలలు పడుతుంది, చాలాసార్లు పక్క ఫ్యూజు ఊడి వస్తుంది. అన్నీ కుదిరి ఆ జీన్ పని ఏమిటో తేలితే, తేల్చినవాళ్ళే దానికి పేరు పెడతారు. అప్పటిదాకా దానికి ఉండేది ఒక నంబరే. ఎక్కడో జపానులోనో బ్రెజిల్‌లోనో మన ముఖం చూడని మనిషి మనం పెట్టిన పేరు పలుకుతాడు. అది ఎంత ముచ్చటో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. జీతం పెరగాలని, ప్రమోషన్ రావాలని నాకూ ఉండేది. వాటికి మించి ఉన్న కోరిక ఒక్కటే, రిటైరయ్యేలోపు ఒక్క జీన్‌కైనా నేను పేరు పెట్టాలి. పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. చెప్పను, నవ్వుతారు.

ఆ ఆశతో ఒక నంబరు జీన్‌ను పట్టుకుని, బూజులోంచి దాన్ని తీసేయడానికి రెండేళ్ళు తంటాలు పడ్డాను. చివరికి తీయగలిగాను. ఇక మిగిలింది, ఆ జీన్ లేని బూజు వరికి తెగులు తెస్తుందా తేదా అని చూడటం. దానికి మా దగ్గర ఒక అలవాటు పద్ధతి ఉండేది. కరెంటు కోతల కాలంలో మా గ్లాస్‌హౌస్ పొయ్యిలా కాలిపోయేది. అందులో పెట్టిన మొక్కలు తెగులు రాకముందే ఎండకు చచ్చేవి. అందుకని ఆకులు కోసుకొచ్చి, కత్తెరతో వేలెడేసి ముక్కలు చేసి, గాజు పళ్ళెంలో పరిచి, బూజు బీజాలు కలిపిన నీళ్ళు కుంచెతో రాసేవాళ్ళం. తెగులు సంగతి పళ్ళెంలోనే తేలిపోయేది. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అందరం అట్లాగే చేసేవాళ్ళం, నేనూ అట్లాగే చేశాను.

జీన్ తీసేసిన బూజు కూడా మామూలు బూజులాగే ఆకు ముక్కల్ని తినేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ తినేసింది. అంటే ఈ జీన్‌కూ తెగులుకూ ఏ సంబంధమూ లేదని అర్థం. ఫ్యూజు పీకినా అన్ని గదుల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆ బూజును ఫ్రీజర్‌లో వెనక్కి నెట్టేశాను.

మరుసటేడు కొత్తగా ఒకతను వచ్చి చేరాడు. తెనాలి వైపు మనిషి, చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం, భార్య అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పెద్దసారు అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, "మీ పాత బూజు ఏదైనా ఉంటే ఇవ్వండి, బాబుకి చేయి తిరుగుతుంది" అన్నాడు. నేను ఫ్రీజర్ వెనక నుంచి అదే బూజును తీసిచ్చాను, పట్టని చొక్కా ఎవరికో ఇచ్చేసినంత తేలిగ్గా.

మా పరిశోధన కేంద్రం సాగర్ రోడ్డులో తుర్కయంజాల్ దాటాక కొంచెం లోపలికి ఉండేది. నేను మన్సూరాబాద్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాణ్ణి. అతను సిటీబస్సులో ఎల్బీనగర్ చౌరస్తాలో దిగి నా కోసం నిలబడేవాడు. అక్కణ్ణించి నా వెనక సీట్లో. పోను రాను అదే ఏర్పాటు. పెట్రోలుకు డబ్బులిస్తానంటే నేను పుచ్చుకోలేదు. ఆ పెద్దరికం చూపించుకోవడం నాకు ఇష్టం.

కుళ్ళు చిన్నచిన్న వాటితో మొదలైంది. పెద్దసారు పద్దెనిమిదేళ్ళుగా నన్ను ఇంటిపేరుతో పిలిచేవాడు, అతన్ని వారంలోనే బాబూ అన్నాడు. అతని డబ్బాలో పెసరట్టు మెత్తగా ఉండేది, నా డబ్బాలో చపాతి మధ్యాహ్నానికి అట్ట అయ్యేది. నా పళ్ళేల్లో ఎక్కణ్ణించో పచ్చబూజు చొరబడి పని పాడయ్యేది, అతని పళ్ళేల్లో తను పెంచిందే పెరిగేది. అతను పళ్ళెం మూత తీసే తీరు కూడా వేరుగా ఉండేది, నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి తీసినంత నెమ్మది. దానికి మాత్రం నేను లోపల్లోపలే మెచ్చుకుంటూ ఏడ్చేవాణ్ణి.

ఒకరోజు పొద్దున హస్తినాపురం దగ్గర వెనక సీట్లోంచి అన్నాడు, "సార్, మీరిచ్చిన బూజు తెగులు తేవట్లేదండీ."

నేను స్కూటర్ పక్కకు తీసి ఆపాను. "ఎట్ల తేదు? పళ్ళెంల మంచిగనే తెచ్చింది గద."

"పళ్ళెంలో చేయలేదండీ. కుండీల్లో మొలకలు పెంచి వాటి మీద స్ప్రే చేశాను. మేం చదువుకున్న చోట అలాగే చేసేవాళ్ళం."

"గ్లాస్‌హౌస్‌ల తేమ సాలలేదేమో. తేమ లేకుంటె ఏ బూజు తెస్తది తమ్మీ. మళ్ళ చెయ్."

"అలాగేనండీ" అన్నాడు. మళ్ళీ చేశాడు. తడి గోనెలు కట్టి, తొట్లలో నీళ్ళు నింపి, తేమకు ఏ లోటూ లేకుండా చేశాడు. మళ్ళీ తెగులు రాలేదు. మామూలు బూజు కొట్టిన మొక్కలు మాడిపోయాయి, జీన్ లేని బూజు కొట్టినవి పచ్చగా నిలబడ్డాయి. ఆ సంగతి విన్న రోజు నుంచి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. పెద్దసారు అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేసుకుంటే, ఆ తలుపు వంక చూస్తూ నేను నాలుగుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. ఇంట్లోనూ అదే ధ్యాస. మా ఆవిడ విని విని విసిగిపోయి ఒకనాడు కంచం ముందు పెడుతూ అంది, "గాయన పేరెత్తకుండ ఒక్క పూట బువ్వ తింటవా, లేకుంటె గాయన్నే పిలిచి పక్కన కూసోబెట్టాల్నా?"

నా వాదన నాకుంది. పళ్ళెంలో తెగులు తెచ్చిన బూజు కుండీలో ఎందుకు తేదు? ఇద్దరిలో ఒకరు తప్పు చేశారు. ఇరవై ఏళ్ళు ఈ బూజుతో కాపురం చేసినవాణ్ణి, నేను చేసి ఉండను. ఎక్కడో అతని చేతి పొరపాటే ఉంటుంది, బయటపడుతుంది, నేను చూస్తాను. ఆ ఆశ మీద బతికాను.

అతను మూడోసారి పెట్టిన పరీక్ష అసలైనది. ఈసారి మూడు రకాల బూజులు. మామూలు బూజు ఒకటి, జీన్ తీసేసింది ఒకటి, తీసేసిన దానిలో అదే జీన్‌ను తిరిగి పెట్టింది ఒకటి. జీన్ తీసేస్తే తెగులు పోయి, తిరిగి పెడితే తెగులు తిరిగి రావాలి. అప్పుడే లోకం నమ్ముతుంది. స్ప్రే చేసిన వారానికి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రోజే చూసి, ఫొటోలు తీసి, లెక్కపెట్టుకోవాలి. మర్నాటికి మచ్చలు కలిసిపోతాయి, ఆకు ఎండుతుంది, ఏది దేనివల్ల చచ్చిందో చెప్పలేం.

అవి ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రైల్‌రోకో. బస్సులు డిపోల్లోంచి బయటికి వచ్చేవి కావు. నేను తెలంగాణ రావాలని మనసారా కోరుకున్నవాణ్ణి. సెలవు పెట్టి ర్యాలీలకు పోయినవాణ్ణి, నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. అతను ఆ ఊసు ఎత్తేవాడు కాదు, నేనూ అతని ముందు ఎత్తేవాణ్ణి కాదు. స్కూటర్ మీద ఇద్దరం బూజుల గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఆ విషయంలో ఇద్దరమూ మర్యాదస్తులమే.

అతను మచ్చలు చూడాల్సిన రోజున బంద్ పడింది. ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "సార్, రేపు ఎలాగండీ? బస్సులుండవు. ఆటోవాళ్ళు రామంటున్నారు. నాకు బండి లేదు, ఉన్నా రోడ్డు మీద…" అని ఆగాడు. ఆగిన చోట ఏముందో నాకు తెలుసు. రోడ్డు మీద ఎవరైనా ఆపితే, అతను రెండు మాటలు మాట్లాడగానే ఎక్కడివాడో తెలిసిపోతుంది.

బంద్ రోజున రాలేనంటే నన్ను ఎవరూ తప్పు పట్టరు. ఉద్యమాన్ని గౌరవించినట్టు కూడా ఉంటుంది. నాకు చెమటోడ్చే పని లేదు, నోటితో ఒక్క మాట అంటే అతని నెలల కష్టం ఎండిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయితే నా కుళ్ళు నాకంటే తెలివైనది. ఈసారి పరీక్ష పకడ్బందీగా ఉంది కాబట్టి తెగులు వచ్చి తీరుతుందని, జీన్ తీసేసిన మొక్కల మీద కూడా మచ్చలు చూసినప్పుడు అతని ముఖం చూడకపోతే ఈ జన్మ వృథా అని చెప్పింది. "పొద్దున మీ ఇంటికే ఒస్తా, రెడీగుండు తమ్మీ" అన్నాను.

"మీ మేలు మరిచిపోలేనండీ" అన్నాడతను.

మర్నాడు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ నిద్రలేవలేదు. ఏ వేళప్పుడైనా కుర్రాళ్ళతో కిటకిటలాడే కోచింగ్ సెంటర్ల వీధిలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అతను కెమెరా సంచి మెడకు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మేడ మీద నుంచి అతని భార్య నన్ను చూసి చేతులు జోడించింది. నేను కూడా జోడించాను, కొంచెం ఎబ్బెట్టుగా. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర సరుకు దించని లారీల్లో బత్తాయిలు పులిసి రోడ్డంతా వాసన. ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు ఉన్నారు గానీ మమ్మల్ని పట్టించుకోలేదు. సాగర్ రోడ్డులోకి తిరిగాక అతనితో అన్నాను, "ఎవరన్న ఆపితే నేను మాట్లాడత. నువ్వు నోరు తెరవకు."

హస్తినాపురం దాటి కొంచెం పోగానే రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు. వాటి వెనక టెంటు, టెంటు పక్కన రోడ్డు మీదే ఇటుకల పొయ్యి, దాని మీద పెద్ద గిన్నె. వంటావార్పు. ఆడవాళ్ళు తారు రోడ్డు మీద బైఠాయించి వంకాయలు తరుగుతున్నారు. మెడలో కండువాతో ఒక యువకుడు చేయి అడ్డం పెట్టాడు.

"ఏడికే అన్నా? బంద్ ఎర్క లేదా?"

"ఎర్కనే తమ్మీ. మేం వరి మొక్కల తాన పనిచేస్తం. మనం బంద్ చేసినమని వరి బంద్ చేస్తదా, నీళ్ళు వొయ్యకుంటె సస్తయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఏ ఊరన్నా మీది?"

"నకిరేకల్ దిక్కు."

"మాది చిట్యాలనే" అన్నాడా యువకుడు, ముఖం వికసించి. "ఎన్క ఎవ్వరు?"

"మా తమ్ముడే. పన్ను పీకిచ్చుకున్నడు. నోరు మెదపొద్దన్నడు డాక్టర్."

వెనక సీట్లో అతను వెంటనే బుగ్గ మీద చేయి పెట్టుకున్నాడు. బాగానే నటించాడు. నిజం చెప్పాలంటే అక్కడ అతను నోరు తెరిచినా ఎవరూ ఏమీ అనేవారు కాదేమో. వాళ్ళంతా మా ఊరివాళ్ళలాంటి మనుషులు. అయినా ఆ రోజుల్లో ఆ 'ఏమో' మీద ఎవరూ పందెం కట్టలేరు. నేనూ కట్టలేదు.

దారి ఇస్తామన్నారు గానీ తినకుండా పోవద్దన్నారు. పొయ్యి దగ్గరున్న ఒక పెద్దామె మమ్మల్ని కూర్చోబెట్టి విస్తరాకులు వేసింది. నాకు అన్నం, వంకాయ కూర పెట్టింది. అతని ముందు కూర్చుని, "పన్ను పీకినంక గట్టిది ఎట్ల తింటడు" అంటూ అన్నంలో పప్పు పోసి, తన చేత్తోనే మెత్తగా పిసికి, మజ్జిగ కలిపి ముందుకు జరిపింది. అతను తల దించుకుని తిన్నాడు. అయిపోయాక ఆమె అడిగింది, "ఇంకింత పెట్టాల్నా బిడ్డా?" అతను తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఏమనుకున్నాడో నిలువుగా ఊపాడు. ఆమె ఇంకో ముద్ద కలిపింది.

"ఏం పని చేస్తరయ్యా వరి మొక్కల తాన?" అని నన్ను అడిగింది.

"అగ్గితెగులు రాకుండ చూసే పనమ్మా."

"గట్లనా. పోయినేడు మాకు కంకుల మెడలిరిగి అన్ని తాలైనయి. జర జల్ది చూడుండ్రి మరి."

చూస్తామన్నాను. నలుగురు కుర్రాళ్ళు రాయి జరిపారు. నేను చేయి ఊపి, జై తెలంగాణ అని గట్టిగా అని బండి ముందుకు పోనిచ్చాను. నా రెండు ముక్కలకు రోడ్డంతా నవ్వింది, రాయి జరిగింది. చాలా రోజుల తరువాత నేనొక పెద్దమనిషిననిపించింది. వెనక సీట్లో అతను కేంద్రం చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను వద్దన్నాను కాబట్టే అనుకున్నాను.

గ్లాస్‌హౌస్ తలుపు తీసి లోపలికి పోయాం. మామూలు బూజు కొట్టిన మొక్కలు చూశాం. ఆకు నిండా నూలుకండెలు. జీన్ తిరిగి పెట్టిన బూజు కొట్టినవి చూశాం. అవీ అంతే, మచ్చలే మచ్చలు. మధ్య ట్రేలో జీన్ తీసేసిన బూజు కొట్టిన మొక్కలు. అతను పక్కకు తప్పుకుని, "మీరే చూడండి సార్" అన్నాడు.

ఒక్క మచ్చ లేదు. వానకు కడిగినట్టు పచ్చగా ఉన్నాయి. నేను భూతద్దం తీసుకుని ప్రతి ఆకూ తిప్పి చూశాను. దేవుడా, ఒక్కటి, ఒక్కటంటే ఒక్క మచ్చ చూపించు అని ఆకాకునూ బతిమాలాను. అతని ముఖం చూద్దామని వచ్చినవాణ్ణి, నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక భూతద్దం వెనక దాచుకున్నాను.

అంతటితో అయిపోలేదు. మూలన ఇంకో చిన్న ట్రే ఉంది. "గదేంది?" అన్నాను.

"మీ పళ్ళేల గురించి ఆలోచిస్తుంటే తట్టింది, పెట్టానండీ. ఇది కూడా జీన్ లేని బూజే. స్ప్రే చేసే ముందు ఆకుల్ని సూదితో అక్కడక్కడ పొడిచాను."

చూశాను. సూది దిగిన ప్రతిచోటా మచ్చ. దిగని చోట ఆకు నిక్షేపంగా ఉంది.

"దీనికి ఆకుని చీల్చుకుని దిగే శక్తే పోయిందండీ" అన్నాడు. "గాయం దొరికితే మాత్రం మామూలు బూజులా తినేస్తుంది. అంటే ఈ జీన్ పని ఆకు చర్మాన్ని పొడవడం, అంతవరకే. మీరు ఆకులు కత్తిరించారు కదా, ఆ తెగిన అంచుల్లోంచి దిగింది. మీ ఫలితం తప్పు కాదు సార్. నా ఫలితంలో రెండో సగం అది."

అప్పుడు నాకు నా పాత పళ్ళేలు కళ్ళముందు కదిలాయి. ఆ ముక్కల్లో మచ్చ అంచు నుంచే లోపలికి పాకింది. నేను మచ్చ వచ్చిందా లేదా అని చూశాను, ఎక్కణ్ణించి వచ్చిందో చూడలేదు. పళ్ళెంలో పట్టాలని నా కత్తెరతో నేనే ఆకుకు రెండు గాయాలు చేసి, ఆ బూజుకు ఆ జీన్ అవసరమే లేదని తీర్పు చెప్పాను. రెండేళ్ళు నా చేతిలో ఉన్న జీన్ అది. పిల్లలూ, పదిమందీ చేస్తున్నారని ఏ పద్ధతినీ గుడ్డిగా నమ్మకండి. అందులో ఒక కత్తెర ఉంటుంది, అలవాటైన చేతికి అది కనపడదు.

ఫొటోలు తీయడం అయ్యాక అతను అన్నాడు, "దీని మీద రాసే పరిశోధన పేపర్లో మీ పేరు కూడా పెడదాం సార్. జీన్‌కి పేరు మీరే చెప్పండి."

నా కోరిక విస్తట్లో పెట్టి ఎదురుగా జరిపాడు. అనుకుని పెట్టుకున్న పేరు గొంతులోనే ఉంది. అతను ఇస్తే నేను పుచ్చుకోవడమా అనిపించింది. "నాకెందుకు తమ్మీ. నీ కష్టం, నువ్వే పెట్టుకో" అన్నాను. ఎంతో పెద్దమనసులా వినపడింది, నాకే. అతను రెండుసార్లు బతిమాలి ఊరుకున్నాడు. చివరికి మూడు ఇంగ్లీషు అక్షరాల పేరు పెట్టాడు, ఫ్యాన్ల కంపెనీ పేరులాగా. నాదే బాగుండేది. ఇంటికి పోయి మా ఆవిడతో చెబితే, "ఇయ్యబోతె వద్దంటివి, ఇప్పుడెందుకు ఏడుస్తవు?" అని లోపలికి పోయింది.

పేపరు అచ్చయ్యేసరికి రాష్ట్రం వచ్చింది. మా కేంద్రం హాల్లో పెద్దసారు అతని చేత ఉపన్యాసం ఇప్పించాడు. బయటి ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. నేను వెనక వరుసలో, తలుపు దగ్గర కూర్చున్నాను, అవసరమైతే తొందరగా బయటపడొచ్చని. అతను తెర మీద మొదట చూపించిన బొమ్మ నా పాత పళ్ళెం. "ఈ జీన్‌ను మొట్టమొదట తీసింది మా సార్. నాకు బూజు ఇచ్చింది ఆయనే, కత్తిరించిన ఆకులో తెగులు వస్తుందని చూసింది ఆయనే. ఆయన ఫలితం లేకపోతే నాకు సూది తట్టేది కాదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దసారు వెనక్కి తిరిగి నన్ను లేవమని సైగ చేశాడు. లేచాను. అందరికంటే గట్టిగా అతనే చప్పట్లు కొట్టాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. జీన్ అతనికి పోయింది, సరే. మంచితనం కూడా అతనికే పోయింది. నాకు మిగిలింది లేచి నిలబడి దండం పెట్టడం. అదే జీన్ నాకు దొరికి, అతనిది సగం తప్పయి ఉంటే, నేను అంతమంది ముందు అతని పేరు చెప్పేవాణ్ణా? ఆలోచించడానికి ఇష్టం లేక బయటికొచ్చి స్కూటర్ దగ్గర నిలబడ్డాను.

అతను మెడలో పూలదండ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. "సార్, చెప్పకుండా మీ బొమ్మ చూపించాను. కోపం వచ్చిందాండీ?"

"కోపం కాదు తమ్మీ. కుళ్ళు. నువ్వొచ్చిన కాన్నుంచి నీ మీద కుళ్ళుతనే ఉన్న."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కొంచెం సేపు దండలో పూలు సవరించాడు.

"నాకూ ఉందండీ, మీ మీద."

"నీకేం తక్కువైందని?"

"ఆ బంద్ రోజు గుర్తుందా మీకు? ఆవిడ నాకు అన్నం పిసికి పెట్టింది. ఇంకొంచెం పెట్టనా అని అడిగితే, 'చాలమ్మా' అని ఒక్క మాట అనలేకపోయానండీ. నోరు తెరిస్తే ఏమవుతుందోనని భయం. అందుకే వద్దని కూడా అనలేక ఇంకో ముద్ద పెట్టించుకున్నాను. పద్దెనిమిదో ఏట వచ్చాను ఈ ఊరికి. పిల్లలిద్దరూ సరూర్‌నగర్‌లోనే పుట్టారు. ఇంకెక్కడా నాకు ఇల్లు లేదు. ఆ రోజు గ్లాస్‌హౌస్‌లో ఆ పచ్చటి ఆకులు చూస్తుంటే, నా జీవితంలో అంతటి రోజు మళ్ళీ రాదని తెలుస్తూనే ఉంది, సంతోషం మాత్రం రాలేదు. మీరు రోడ్డు మీద ఎంత ధీమాగా మాట్లాడారో అదే చెవుల్లో ఉంది. ఆ జీన్ మీకే ఇచ్చేసి, అలా ఒక్కసారి ఆవిడతో మాట్లాడగలిగితే బాగుండుననుకున్నాను. అందుకే పేరు మిమ్మల్ని పెట్టమన్నాను."

అతని దగ్గర ఉన్నదాన్ని చూసి నేను ఏళ్ళ తరబడి అన్నం మానుకున్నాను. నా దగ్గర అతను కుళ్ళుకునేది ఒకటి ఉందని నాకు తెలియనే తెలియదు. అది నేను కష్టపడి సంపాదించింది కాదు, అమ్మ నోటి నుంచి వచ్చిన యాస. పన్ను పీకిచ్చుకున్నాడని చెప్పి రోడ్డు మీద నలుగురినీ నవ్వించాను, నవ్వనివాడు నా వెనకే ఉన్నాడు.

"ఎక్కు తమ్మీ, పోదాం" అన్నాను.

ఎక్కాడు. ఎల్బీనగర్ దాకా అతనే మాట్లాడాడు, గాలిలో వినపడేలా గట్టిగా, తన మాటల్లోనే, పిల్లల చదువుల గురించి, పెరిగిన ఇంటి అద్దె గురించి, భార్యకు కొత్తగా వచ్చిన మోకాళ్ళ నొప్పి గురించి. నేను దారి పొడుగునా నోరు తెరవలేదు.